తూము లేని వంటిల్లు

జయప్రకాష్ మీద నా కోపం ఇప్పటిది కాదు. ఇరవై రెండేళ్లు ఆయన సినిమాలకు నేను సెట్లు కట్టాను. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఉలి పట్టినవాణ్ణి; కోట కావాలన్నా కోర్టు కావాలన్నా ఆయన గీసి ఇస్తే కొయ్యతో నిలబెట్టేవాణ్ణి. ఒకరోజు ఆయన పచ్చగుడ్డ ఒకటి కట్టించి, వెనకాల ఉండాల్సిందంతా ఇక కంప్యూటరే చూసుకుంటుందన్నాడు. "నువ్వు టీ తాగి వెళ్లు కోటీ," అన్నాడు. ఆ టీ చేదు ఇంకా నోట్లోనే ఉంది.

అందుకే మాధవరంలో మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చినప్పుడు పగవాడే వచ్చినట్టు అనిపించింది. మా అమ్మాయి లయ ఉద్యోగంలో చేరి కొత్తది కొనుక్కుని, తను వీడియో గేములు ఆడుకున్న పాతదాన్ని వాళ్లమ్మకు వదిలేసింది. నా భార్య చంద్రకళ మొదట కాలక్షేపానికి ఆడింది. తర్వాత గెలవడం మానేసింది. ఆటలోని మనుషుల్ని తను అనుకున్నచోట నిలబెట్టి, నడిపించి, ఆ కదలికల్ని రికార్డు చేసి, తనే గొంతిచ్చి చిన్న చిన్న సినిమాలు చేయసాగింది. నాలుగు చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరెవరో చూసి మెచ్చుకుంటూ రాశారు. నేను మాత్రం, అన్నం పెట్టేసి నీ బొమ్మలతో ఆడుకోపో అనేవాణ్ణి. చుట్టాలొస్తే, మా ఇంట్లో చిన్నపిల్ల ఉందని ఆమె వినేలా చెప్పి నవ్వించేవాణ్ణి.

ఆ కంప్యూటర్ వంటింటి గట్టు మీద, గ్యాసు పొయ్యికి మూరెడు దూరంలో ఉండేది. తిరగమోత వేసి ఒక షాట్, కుక్కర్ కూతేసేలోగా ఇంకో షాట్. హాల్లో కిటికీ పక్కన నా వడ్రంగి బల్ల ఉంది. మూడేళ్లుగా దాని మీద చెక్క పెట్టింది లేదు. పాత పేపర్లు, ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు పడుండేవి. అయిదో సినిమా చేస్తున్నప్పుడు, వేడికి కంప్యూటర్ ఆగిపోతోంది, ఆ బల్ల మీద పెట్టుకోనా అని అడిగింది.

"అది పని చేసే చోటు," అన్నాను.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది.

మైలాపూరులో ఇలాంటి సినిమాలకు ఏదో ఉత్సవం జరుగుతుందట. శుక్రవారం సాయంత్రం అయిదులోపు పంపాలి. ముక్కలన్నీ కలిపి ఒక్క సినిమాగా చేయడానికి కంప్యూటర్ ఎనిమిది గంటలు ఆగకుండా నడవాలి. బుధవారం సాంబారు మరుగుతుండగా ఆగిపోయింది. గురువారం నా స్నానానికి వేన్నీళ్లు కాస్తుండగా ఆగిపోయింది.

శుక్రవారం పది దాటినా టిఫిన్ రాలేదు. వంటింట్లోకి వెళ్లాను. సిలిండర్ కట్టేసి ఉంది. చంద్ర ముక్కాలిపీట మీద కూర్చుని తెర చూస్తోంది.

"ఈ పొద్దు పొయ్యి ఎలిగించను," అంది తల తిప్పకుండానే. "సాయంత్రం అయిదు దాకా."

"మరి నేనేం తినాల?"

"బస్టాండు కాడ ఇడ్లీలు అమ్ముతారు. నాక్కూడా రెండు తీసుకురా."

పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో నాకలా చెప్పిన రోజు లేదు. గట్టిగా ఏదో అనబోయాను. కంప్యూటర్ కలుపుతున్న ముక్కలు ఒక్కొక్కటీ తెర మీద కదులుతున్నాయి. ఒక ఆడమనిషి ఇల్లు ఊడుస్తోంది. చేతిలో చీపురు లేదు. అడగకూడదనుకుంటూనే, అదేమిటని అడిగాను.

"ఈ ఆటలో తుపాకీ కాల్చేదానికి నలభై రకాల కదలికలుండాయి," అంది. "ఊడ్చేదానికి ఒక్కటీ లేదు. చచ్చినోడి జేబులు వెతికేదానికి వంగుతారు చూడు, దాన్నే ముందుకీ వెనక్కీ తిప్పి ఊడిపించినా."

బట్టలు పిండడం, పగవాడి గొంతు పిసికే కదలికట. రోజూ నా లుంగీలు పిండేది కూడా అలాగేనా అన్నాను.

"పొద్దును బట్టి," అంది.

నవ్వొచ్చింది. పీపాలకు గుడ్డ చుట్టి రాతి స్తంభాలు చేసినవాణ్ణి. ఉన్నదాంతో లేనిదాన్ని చూపడమంటే నాకు తెలుసు. ఆ నవ్వు ఉండగానే తర్వాతి ముక్క వచ్చింది. ఆ ఆడమనిషి వంటిల్లు. నేల మీద ఒక తూము. అందులోకి నీళ్లు దిగుతున్నాయి.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు చంద్ర నాకు క్యారియర్ తెచ్చింది. నేను కట్టిన వంటింటి సెట్ చుట్టూ తిరిగి, "ఈడ తూమేది? నీళ్లు యాడికి పోతాయి?" అని అడిగింది. జయప్రకాష్ అందరికీ వినబడేలా, "సినిమాలో ఎవరూ గిన్నెలు కడగరమ్మా," అన్నాడు. లైట్లవాళ్లతో సహా అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ తర్వాత రెండు వందల వంటిళ్లు కట్టి ఉంటాను. ఒక్కదానికీ తూము పెట్టలేదు.

ఆటలోని వంటిళ్లకూ తూములు లేవట. పదకొండు రోజులు వెతికితే, వాన కురిసే ఒక వీధి చివర నీళ్లు దిగే కంత దొరికింది. కెమెరాను నేలకు ఆనించి, దాన్నే వంటింటి తూముగా చూపించింది.

ఇడ్లీలు తెచ్చాను. నాలుగుంబావుకు సినిమా వెళ్లిపోయింది. చంద్ర లేచి నడుం విరుచుకుంది.

"రేపటి నుంచి వంట కావాల్నంటే ఇది ఈడ ఉండకూడదు," అంది, పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా. "ఇదన్నా నీ బల్ల మీదికి పోవాల, పొయ్యన్నా పోవాల."

రెండు నెలల తర్వాత మైలాపూరు హాల్లో, నలభై మంది మధ్య, ఆ సినిమాను మాటలతో చూశాను. తూములోకి నీళ్లు దిగుతుంటే చంద్ర గొంతు వినిపించింది. "బియ్యం ఉడికేలోపల ఆలోచించుకోవాల. పాలు పొంగితే ఆలోచన ఆడనే నిలిచిపోతాది. మిగిలింది ఇంకో పొద్దు దొరికితే దొరికినట్టు. దొరకని ముక్కలన్నీ యాడికి పోయినాయో వెతుకుతా ఉండాను." మా ఇంట్లో రోజూ ఉండే గొంతే. మధ్యలో అడ్డు తగలకుండా నేను అంతసేపు విన్నది అదే మొదలు. చివర రచన, దర్శకత్వం చంద్రకళ అని పడింది.

బయట ఉత్సవం వాళ్లలో ఒకావిడ వచ్చి, తర్వాతి సినిమా తమకు చేసిపెట్టమని అడిగింది. ఆలోచించుకుని చెబుతానంది చంద్ర. ఆలోచించుకునేందుకు ఆమెకిప్పుడు నా బల్ల దగ్గర చోటుంది. ఉలులూ రంపాలూ మంచం కిందికి వెళ్లాయి. పొద్దున అన్నం నేనే వండుతున్నాను. మాడు వాసన వచ్చినా ఆమె లేవదు.

జయప్రకాష్ దగ్గర నాకు పోయిందెంతో ఎప్పటికీ కొలవలేను. చంద్ర దగ్గర పోయింది మాత్రం టేపు పెట్టి కొలిచాను. కిటికీ పక్కన, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు.