ఆగయ్య తూకం తప్పలేదు

చిలకపచ్చ రావలసిన చీరల లాటు ముదురు నీలంగా బయటపడిన మర్నాడు, పాండేసర మిల్లుల వాడలోని ఒక రంగుల మిల్లు గేటు దగ్గర, పొద్దుటి షిఫ్టుకు వచ్చిన జనమంతా చూస్తుండగా ఆగయ్య కార్డు లాక్కుని బయటికి పంపించారు. తాగి రంగు తూచాడన్నారు. పద్నాలుగేళ్లుగా రంగుల గదిలో కాటా ముందు నిలబడ్డ మనిషి. ఒక గేటు దగ్గర పడ్డ మాట సాయంత్రానికల్లా పాండేసరలో ప్రతి గేటుకూ చేరుతుంది. తాగుబోతని పేరుపడ్డవాణ్ని ఇక ఏ మిల్లూ రంగు ముట్టనివ్వదు.

పరుశురాంకు ఈ సంగతి ఆగయ్య భార్య లింగవ్వ ఫోన్ చేసి చెప్పింది. అదే మిల్లులో బట్టకు రంగు పట్టించే జెట్ మెషిన్ మీద పనిచేసిన ఆరేళ్లూ పరుశురాం తిన్నది వాళ్ల గదిలోనే, పడుకున్నదీ అక్కడే. ఫోనులో పాఠాలు చూసి కంప్యూటర్ నేర్చుకుంటున్నప్పుడు నవ్వనివాళ్లు వాళ్లిద్దరే. ఇప్పుడతను ఊరి చివర కామ్‌రేజ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఏ రంగుకు ఏది ఎన్ని గ్రాములో మిల్లు స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీదే.

సాయంత్రం అతను వాళ్ల గదికి వెళ్లేసరికి ఆగయ్య గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. లింగవ్వ గుమ్మంలోనే అందుకుంది.

"రా బిడ్డా. మీ కంప్యూటర్ తప్పు చెయ్యదంట గద. మీ సారొచ్చి సేఠుకు చెప్పిపోయిండంట, సాఫ్ట్‌వేర్ సక్కగున్నది, మనిషే తూలిండు అని."

"ఏ సారు చిన్నమ్మా?"

"కమలాకరంట. గాయనకు దండం పెట్టి మేం పండుకోవాలె."

ఆగయ్య తల ఎత్తలేదు. "నేను తాగుతనారా?"

"నువ్వు చాయ్ గూడ సగం ఇడిసిపెడ్తవు కాకా."

"స్క్రీన్ మీద నీలం ఎక్కువున్నది, పసుపు తక్కువున్నది. చిలకపచ్చకు గిట్లెందుకుంటదని భరత్‌భాయ్‌ని అడిగిన." భరత్‌భాయ్ అంటే సూపర్‌వైజర్. "స్క్రీన్ మీదున్నది ఎయ్యి, నీ తెలివి ఇంట్ల పెట్టిరా అన్నడు. ఏసిన. తెల్లారి లోపలికి పిలిచి చూపిస్తే గదే స్క్రీన్ మీద పసుపెక్కువ, నీలం తక్కువ. నా కండ్లనే అబద్ధం చేసిండ్రు."

పరుశురాంకు ఆ అంకెలు తెలుసు. నీలం అంకె పసుపుకు, పసుపు అంకె నీలానికి. ఆ లాటు పాడైన రోజే, మంగళవారం పొద్దున, అతనే మార్చాడు. నాలుగు వందల పన్నెండో నంబరు రంగులో అంకెలు తారుమారు చేస్తే సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుందా లేదా అని చూసే పరీక్ష అది. కానీ అది చేసింది శాండ్‌బాక్స్ లోపల.

శాండ్‌బాక్స్ అంటే అతనికి చెప్పలేనంత ఇష్టం. నల్ల తెర మీద ఒక్క లైను కొడితే చాలు, ఆఫీసు సర్వర్ లోపల ఇంకో చిన్న లినక్స్ కంప్యూటర్ లేచి నిలబడేది. దాని ఫైళ్లు దానివి, దాని లోకం దానిది. అందులో ఏది తగలబెట్టినా బయటికి సెగ తగలదు. పనయ్యాక ఇంకో లైను కొడితే అంతా మాయం. మిల్లులో తప్పు చేస్తే చెయ్యి కాలుతుంది, లేదా తెగుతుంది. తప్పు చేయడానికంటూ ఒక చోటు ఉంటుందని అతనికి ఈ ఉద్యోగంలోనే తెలిసింది.

మర్నాడు అందరికన్నా ముందే ఆఫీసుకెళ్లి, రోజూ కొట్టే ఆ లైనును మొదటిసారి చివరిదాకా చదివాడు. దాన్ని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది టీమ్ లీడ్ కమలాకర్. కొత్తగా చేరిన ప్రతివాడూ దాన్నే కాపీ చేసి అతికించేవాడు. చదివినవాడు లేడు. లైను చివర ఒక ముక్క ఉంది: మిల్లు స్క్రీన్ చదువుకునే అసలు రంగుల ఫోల్డర్‌ను శాండ్‌బాక్స్ లోపలికి తెరిచి, అందులో రాయడానికి కూడా అనుమతి ఇవ్వమని. ఎప్పుడో సేఠుకు నిజమైన రంగులతో డెమో చూపించడానికి పెట్టింది. డెమో అయిపోయింది. ఆ ముక్కను ఎవరూ తీసేయలేదు. రంగుల అంకెలు మార్చే పరీక్ష పరుశురాం చేసింది మంగళవారమే మొదటిసారి.

ఆ ఫోల్డర్‌లో ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో, ఏం మార్చారో ఆఫీసు సర్వరే రాసిపెట్టుకుంటుంది. అది తీసి చూశాడు. మంగళవారం పదకొండూ నలభై, పరుశురాం. బుధవారం ఉదయం ఆరూ యాభై, కమలాకర్: నాలుగు వందల పన్నెండు, అంకెలు యథాస్థానం.

అంటే కమలాకర్‌కు తెలుసు. తెలిసి దిద్దాడు. దిద్దేసి, నేరుగా మిల్లుకు వెళ్లి మనిషి తూలాడని చెప్పాడు.

కమలాకర్ కాఫీ కప్పుతో వచ్చాడు. పరుశురాం స్క్రీన్ అతని వైపు తిప్పాడు.

"ఇది మీరే దిద్దిండ్రు గద సార్."

కమలాకర్ చదివి కప్పు కింద పెట్టాడు. "పైన పేరెవరిదయ్యా? నీది. నిన్ను కాపాడాను నేను. దణ్ణం పెట్టాల్సింది పోయి మొహం మాడ్చుకుంటావేంటి?"

"లైను మీది."

"కొట్టిన చెయ్యి నీది. ఆ ముసలాయనకి జోల్వాలో మగ్గాల మీద ఏదో ఒకటి దొరుకుతుందిలే. ఈ మిల్లు చెయ్యిజారితే ఇక్కడ ఎనిమిది మందిమి ఇంటికెళ్లాలి."

"ఆయన తాగడు సార్."

"తాగితే నాకేంటి, తాగకపోతే నాకేంటి?"

పరుశురాం లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. వెనక నుంచి పిలుపు వినిపించింది. ఆగలేదు.

దారిలో ఆగయ్యను వెంటబెట్టుకుని మిల్లుకు చేరాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషినని చెప్పి, మిల్లు యజమాని సేఠ్ జయంతిభాయ్‌ని రంగుల గదిలోకి తీసుకొచ్చాడు. భరత్‌భాయ్ కూడా వచ్చాడు.

"నాలుగు వందల పన్నెండు తెరిచి చూస్తుండండి సేఠ్."

తన లాప్‌టాప్‌లో అదే లైను కొట్టాడు. అదే పరీక్ష నడిపాడు. కాటా పక్కనున్న స్క్రీన్ మీద, అందరి కళ్లముందే, నీలం పెరిగింది, పసుపు తగ్గింది. ఆ స్క్రీన్ కీబోర్డును ఎవరూ ముట్టలేదు. సేఠ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మంగళవారం ఇది చేసింది నేను. అసలు రంగులకు తగులుతదని తెల్వక. బుధవారం మా సారు తెలిసీ దిద్ది మీకు అబద్ధం చెప్పిండు." రాసిపెట్టి ఉన్నది చూపించాడు. ఇంకో లాటు పాడవకముందే అంకెలు సరిచేశాడు.

సేఠ్ కమలాకర్‌కు ఫోన్ చేసి గుజరాతీలో చాలాసేపు తిట్టాడు. తర్వాత పరుశురాం వైపు తిరిగి, మళ్లీ ఈ గేటు లోపల కనిపించొద్దన్నాడు. ఆగయ్య కార్డు బల్లమీదికి విసిరి, పనిలోకి పొమ్మన్నాడు.

ఆగయ్య కార్డు ముట్టలేదు. "నీ చెయ్యేనారా?"

"నాదే కాకా."

"చదవకుండనే కొట్టినవా?"

"చదవకుండనే."

"నేను చదివిన. అడిగిన. దెబ్బ నాకు పడ్డది." ఇక అతని వైపు చూడలేదు. సేఠుతో తనకొచ్చిన హిందీలో అన్నాడు: మాట గేటు దగ్గర అన్నారు, గేటు దగ్గరే వెనక్కి తీసుకోవాలి, షిఫ్టు మారేటప్పుడు.

"పూలదండ కూడా తెప్పించాలా?" అన్నాడు భరత్‌భాయ్.

"నీలం ఎందుకెక్కువుందని అడిగితే నువ్వేమన్నవో, అది గూడ అక్కడ చెప్పు."

భరత్‌భాయ్ నవ్వు ఆగిపోయింది. సేఠ్ భరత్‌భాయ్‌నీ, ఖాళీగా ఉన్న కాటానూ చూశాడు. ఆగయ్య లేని ఈ రెండు రోజులుగా ఒక్క రంగూ సరిగ్గా కుదరలేదు. గేటు దగ్గర చెప్పెయ్యమన్నాడు.

సాయంత్రం షిఫ్టు వదిలిన జనమూ, వచ్చే జనమూ గేటు దగ్గర కలిసిన చోట భరత్‌భాయ్ కార్డు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "ఆగయ్య తాగలేదు. తప్పు కంప్యూటర్‌ది."

"జర గట్టిగ," అన్నాడు ఆగయ్య. "కంప్యూటర్‌ది గాదు. మనుషులది. పేర్లు చెప్పు."

భరత్‌భాయ్ కమలాకర్ పేరు చెప్పాడు. పరుశురాం పేరు చెప్పాడు. గేటు బయట నిలబడ్డ పరుశురాం వైపు ఒకరిద్దరు తిరిగి చూశారు. అతను తల దించుకోలేదు, కదల్లేదు. భరత్‌భాయ్ కార్డు ముందుకు చాపాడు.

"ఇంకొకటున్నది," అన్నాడు ఆగయ్య.

లోపలికి పోవాల్సినవాళ్లు పోలేదు. బయటికి రావాల్సినవాళ్లు రాలేదు. భరత్‌భాయ్ నేల చూపులు చూస్తూ, ఆగయ్య ముందే అడిగాడనీ, తానే వినలేదనీ చెప్పి, తన పేరు తానే పలికాడు.

అప్పుడు ఆగయ్య కార్డు అందుకున్నాడు.