కదలని బాణం గుర్తు

తైవాన్‌లో బోల్టుల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేముందు ఖంపోన్ తమ కారులో ఒక చిన్న పెట్టె బిగించి వెళ్ళాడు. డ్యాష్‌బోర్డు కింద, ఎవరికీ కనబడకుండా. కారు ఎక్కడ తిరుగుతోందో ఉపగ్రహాల సాయంతో కనిపెట్టి అతని ఫోనుకు చెప్పే పెట్టె అది. దొంగల భయం అన్నాడు. తమ ఉదోన్ ఊళ్ళో ఈ డొక్కు కారు ఎత్తుకుపోయేంత మతిలేని దొంగ ఎవడున్నాడని భార్య బువాలీ పడీపడీ నవ్వింది.

దొంగల కోసం కాదని మొదటి వారంలోనే తేలిపోయింది. సాయంత్రం డ్యూటీ దిగి, హాస్టలు గదిలో పై మంచమెక్కి ఫోను చేసేవాడు.

"చెరువు గట్టు దగ్గర అంతసేపు ఆగావేం? బాతు నూడుల్స్ లాగించేశావు కదూ, నన్నిక్కడ పస్తు పెట్టి?"

"బేరం కోసం ఆగానయ్యా!"

"బేరమైతే బాణం గుర్తు రోడ్డు మీదుంటుంది. అది కొట్టు ముందుంది."

అలా ఫోను తెరమీది బాణం గుర్తుతో కాపురం చేశాడు మనిషి. బువాలీ ఆ కారు కిరాయికి తిప్పేది. అతను చూస్తాడని, బేరం లేకపోయినా అతను చదివిన బడి మీదుగా ఒక చుట్టు తిప్పి ఇంటికొచ్చేది. పెట్రోలు దండగే. అయినా ఆ చుట్టు తిరగని రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

అలాంటివాడు ఉన్నట్టుండి ఫోను మానేశాడు. ఆమె చేస్తే ఎత్తడు. మెసేజి పెడితే "ఊ" అని ఒక్క అక్షరం. ఈ నెలాఖరుకి అతని కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకో మూడేళ్ళకు సంతకం పెట్టమని ఫ్యాక్టరీవాళ్ళు వెంటపడుతున్నారు. పెట్టను, వచ్చేస్తున్నానని మొన్న మొన్నటిదాకా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె రోజులు లెక్కపెట్టుకుంటోంది. సరిగ్గా ఇప్పుడు ఈ మౌనమేమిటి?

బండిని కాచే అమ్మవారికి కోపమొచ్చిందేమోనని అద్దానికి కొత్త మల్లెదండ కట్టింది. బానెట్ ముందు ఎర్ర సోడా సీసా మూత తీసి పెట్టి, స్ట్రా కూడా వేసి దణ్ణం పెట్టుకుంది. అమ్మవారు సోడా తాగిందో లేదోగాని ఖంపోన్ మాత్రం పలకలేదు.

చివరికి ఉండబట్టలేక ఆడపడుచు పికున్ దగ్గరికి వెళ్ళింది. పికున్ బస్టాండు పక్కన పచ్చి బొప్పాయికాయను మిరపకాయలతో దంచి పచ్చడిలా చేసి అమ్ముతుంది. రోలు ఎంత ఘాటో నోరూ అంతే ఘాటు.

"వదినా, మీ తమ్ముడికి ఏమొచ్చింది?"

పికున్ తల ఎత్తకుండా నాలుగు పోట్లు వేసింది. "నన్నెందుకు అడుగుతావే? సనిత్‌గాడి కొట్లో కాపురం పెట్టావటగా."

"ఏం వాగుతున్నావు వదినా?"

"నేను కాదమ్మా, నీ కారే చెబుతోంది. వారం దాటింది, రాత్రీ పగలూ వాడి కొట్టు ముందే ఉందట. మా వాడు అక్కడ తిండి మానేసి ఏడుస్తున్నాడు."

"కారు ఇదిగో, నీ కళ్ళ ముందే ఉంది కదా!"

పికున్ రోకలి ఆపింది. కారుని చూసింది. మరదలిని చూసింది. "అవును కదే," అంది, మొదటిసారిగా గొంతు తగ్గించి.

సనిత్ కారు అద్దాలకు ఫిల్మ్ వేసే కొట్టు నడుపుతాడు. పెళ్ళికి ముందు రెండు వానాకాలాలు బువాలీ వెంట తిరిగి, విసుగెత్తి మానుకున్నవాడు. పోయినవారం కారు ముందు అద్దానికి ఫిల్మ్ వేయించుకుంది అతని దగ్గరే. ఊళ్ళో అందరికన్నా ముదురుది, ఎండ చుక్క కూడా లోపలికి రానిది వేయమంది.

ఆమె కారు సర్రున వచ్చి ఆగేసరికి సనిత్ ఉలిక్కిపడ్డాడు.

"నా కాపురంలో నిప్పులు పోశావు కదరా!"

"అమ్మో, ఇన్నాళ్ళకా? నాకిప్పుడు పెళ్ళాం ఉంది తల్లీ, కొంచెం మెల్లగా."

సంగతి విన్నాక అతని నవ్వు ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు కింద దూరి పెట్టె బయటికి లాగాడు. నీలం దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. ఉపగ్రహాలు దొరికితే ఆ దీపం నిలకడగా వెలగాలట. వైరు ఊడదీసి పెట్టాడు. అదే వరస. అడ్డు తగులుతోందేమోనని పక్కనున్న కెమెరా వైరు పీకేశాడు. అదే వరస. పెట్టెను కిటికీలోంచి బయటికి చాచి పట్టుకున్నాడు. కాసేపటికి దీపం నిలకడగా నిలిచింది. లోపలికి తెచ్చి కాస్త ఆగాడు. మళ్ళీ ఆరుతూ వెలుగుతూ మొదలు.

సనిత్ తల గోక్కున్నాడు. "తప్పు నాదే. ముదురుది కావాలన్నావని లోహం కలిసిన ఫిల్మ్ వేశాను. ఎండనాపినట్టే ఉపగ్రహాన్నీ ఆపేసింది. పెట్టెకి చివరిసారి ఆకాశం కనబడింది నా కొట్టు ముందే. మీ ఆయనకి అదే చూపిస్తూ కూర్చుంది."

వెనక అద్దానికి ఉన్నది పాత మామూలు ఫిల్మ్. వైరు పొడిగించి, పెట్టెను వెనక సీటుకి వెనగ్గా, ఆ అద్దం కిందున్న అరమీద బిగించాడు. దీపం నిలబడింది. డబ్బు తీసుకోలేదు.

బువాలీ కారుని రైలు గేటు దాటించి, చింతచెట్టు నీడన ఆపింది. ఇంకా పొద్దు గూకలేదు. ఫోను తీసేలోపే మోగింది.

"బాణం కదిలింది," అన్నాడు ఖంపోన్.

ఆమె అంతా చెప్పింది. తిట్టాల్సినవన్నీ తిట్టింది. "ఒక్క ముక్క నన్నడగొచ్చు కదయ్యా! ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పవు. అందుకే భయమేసింది."

ఆ మాటకు ఆమె కోపం ఎటు పోయిందో తెలియలేదు. అతన్ని దగ్గరికి లాక్కోవాలనిపించింది, మెడ మీది చెమటతో సహా.

"అయినా అంత ముదురు ఫిల్మ్ దేనికే?"

"ఎండలో తిరిగి తిరిగి మాడిపోయాను. నువ్వు దిగే వేళకి కాస్త తెల్లబడదామని." చెబుతుంటే ఆమెకే సిగ్గేసింది. "విమానాశ్రయంలో గుర్తుపట్టవేమోనని."

అవతల ఇనప మంచం కిర్రుమంది.

"ఏమయ్యా?"

"మొన్న సంతకం పెట్టేశాను బువాలీ. ఇంకెవరికోసం రావాలి అనుకున్నాను. అయినా మనసొప్పక, ఆ కాగితం వెనక్కి ఇవ్వమని పొద్దున అడిగాను. కుదరదన్నారు. ఇంకో మూడేళ్ళు."

ఆమె అద్దంలోంచి రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. ఎండ నిజంగానే లోపలికి రావడం లేదు.

"ఏదో ఒకటి అను," అన్నాడతను. "నువ్వెక్కడున్నావో కనబడుతోంది. ఎలా ఉన్నావో తెలియట్లేదు."

"ఇన్నాళ్ళూ నన్నే చూస్తున్నావనుకున్నానయ్యా," అంది బువాలీ. "నువ్వు చూసింది కారుని."

అయినా ఆమె ఫోను పెట్టెయ్యలేదు.