ఎనిమిది అచ్చులు

మా ట్రాయ్ ఊళ్ళో, ఇనప పొయ్యిలు పోతపోసే ఫౌండ్రీలో, కరిగిన ఇనుము పోసే ఇసుక అచ్చులు మనిషికి రోజుకి ఎనిమిదే. ఇది యజమాని పెట్టిన లెక్క కాదు, మేం పెట్టుకున్నది. పన్నెండు కట్టగలిగినవాడు కూడా ఎనిమిదో అచ్చు కాగానే చేతులు దులుపుకునేవాడు. ఎందుకంటే మా మామగారు టీగ్ హన్‌రాటీ లాంటి అరవై దాటినవాళ్ళకి ఎనిమిది కట్టేసరికే నడుం పడిపోతుంది. హద్దు దాటినవాడితో ఆ సాయంత్రం నుంచి ఎవరూ మాట్లాడరు. వేరే శిక్ష అక్కర్లేదు.

పాత యజమాని పోయాక ఫౌండ్రీని ఏదో కంపెనీ కొంది. ఆ కంపెనీ మొహం మేం చూడలేదు. చూసిందల్లా కొత్త మేస్త్రీ ప్రూయిట్‌ని, అతని చేతిలో జేబు గడియారాన్ని. అద్దాల గదిలో కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు వంగారో, ఎంతసేపు నిలబడ్డారో రాసుకునేవాడు. అతని కళ్ళు మా మీద ఉన్నంతసేపూ మేం మెడలోతు నీళ్ళలో నడిచినట్టు నిదానంగా పని చేసేవాళ్ళం.

అలాంటి రోజుల్లో నా పక్క చోటుకి ఓట్‌మార్ అనే జర్మన్ వచ్చాడు. వాడి జేబులో ఒక చిన్న పుస్తకం. అచ్చు కట్టడం, పుస్తకం తీయడం, ఏదో గీకడం, మళ్ళీ దాచడం. నాకసలే ఎవరినీ నమ్మే గుణం లేదు. వాణ్ణి చూస్తే ఒళ్ళు మండిపోయేది.

"అల్లుడూ, వీడు కంపెనీ మనిషేరా," అన్నాడు మా మామ పొగాకు నములుతూ. "ఊరికే రాసుకుంటాడా ఏంటి? మన గుట్టంతా మోసేస్తున్నాడు."

"ఉండు మామా, అడిగేస్తాను."

"అడిగితే చెబుతాడేంట్రా, వెర్రిమొహమా! కనిపెట్టి ఉండు."

కనిపెట్టాను. ఒక మధ్యాహ్నం అందరూ తిండికి ఇళ్ళకి వెళ్ళినా, వాడి కోసమే నేను ఉండిపోయాను. వాడు రొట్టె తింటూ వచ్చీరాని మాటల్లో అన్నాడు:

"మా ఊళ్ళో గంటకి రెండు. ఇక్కడ... నిదానం."

"ఎవడ్రా నిదానం?"

"మీరు కాదు. ఇక్కడ పని."

ఇక ఆగలేకపోయాను. చొక్కా చేతులు మడిచాను. పొయ్యి తలుపు నమూనా పెట్టి, ఇసుక పోసి, కూరి, నమూనా ఎత్తి, మళ్ళీ ఇంకొకటి. గంట తిరక్కుండా మూడు అచ్చులు! ఒక్క అంచు కూడా రాలలేదు. వాడు నమలడం మానేసి చూశాడు.

"ఇదీ ట్రాయ్ చెయ్యంటే! రాసుకో ఇప్పుడు," అని మూడింటినీ బూటుతో తన్ని కూలగొట్టాను. ఇనుము పోయని అచ్చు ఉత్త ఇసుకే, కూలిస్తే సాక్ష్యం మిగలదు. మాలో ఎవడైనా అలాగే అనుకుంటాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా ఛాతీ ఉప్పొంగింది కూడా. వెనక్కి తిరిగితే, అద్దాల గదిలో ప్రూయిట్ గడియారం మూత మూస్తున్నాడు.

సోమవారం తలుపు మీద కాగితం అంటించారు. ఇక మనిషికి రోజుకి పద్నాలుగు. కట్టలేనివాళ్ళు శనివారం దాకా ఉండి వెళ్ళిపోవచ్చు.

మామ మొహం పాలిపోయింది. అందరూ నీళ్ళ పీపా దగ్గర ఓట్‌మార్‌ని చుట్టుముట్టారు. మామకి చదువు రాదు. వాడి జేబులోంచి పుస్తకం లాగి నా చేతిలో పెట్టాడు.

"చదువు అల్లుడూ. అందరికీ వినబడేలా చదువు."

తెరిచాను. ఇసుక, రొట్టె, నీళ్ళు, దయచేసి. మా భాషలో మాటలు, పక్కనే వాడి భాషలో అర్థాలు. చివరి పేజీలో వంకర అక్షరాలు: 'మిస్టర్ టియర్నీ, మీ చెయ్యి చాలా మంచిది. నాకు నేర్పుతారా?'

టియర్నీ అంటే నేనే. నిజం చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. వీడు కాకపోతే మరెవడు?

"ఏముందిరా అందులో?" అన్నాడు మామ.

"లెక్కలే," అన్నాను.

ఆ మాట ఓట్‌మార్‌కి అర్థమైంది. నన్నే చూశాడు. ఆ మధ్యాహ్నం సంగతి బయటపెడతాడేమోనని పుస్తకం మూసేశాను. పెట్టలేదు. పెట్టినా వాడి మాట వినేవాళ్ళెవరు? వాడు సంచి భుజాన వేసుకుని గేటు దాటేదాకా మామ తిడుతూ వెంట నడిచాడు.

శనివారం వచ్చినా మామ రోజుకి తొమ్మిది అచ్చులు దాటలేదు. ఆయన పనిముట్లు నేనే ఇంటికి మోసుకొచ్చాను. నేను మాత్రం పద్నాలుగూ కడుతున్నాను.

ఇప్పుడాయన రోజంతా వంటింట్లో కూర్చుంటాడు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతాడు: "ఆ దొంగని పట్టింది మా అల్లుడే." చెప్పి నా వైపు తిరిగి, "అంతే కదా అల్లుడూ?" అంటాడు.

"అంతే మామా," అంటాను.

రోజూ అడుగుతాడు. ఎందుకు అడుగుతున్నాడో తెలుసుకునే ధైర్యం నాకు చాలడం లేదు.