ఒక నూకంత ఎడం

పిడి తిప్పితే నూకరాజు బండి ముందుకి కదలదు. మండపేటే వెనక్కి కదులుతుంది.

పోనీ సాఫీగా కదులుతుందా అంటే, అదీ లేదు. ఆయన రేజ్ ఇచ్చాక ఊరు కాసేపు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఆ తర్వాత ఊరుకోలేక ఒక్క ఉరుకు ఉరుకుతుంది. ఆ కుదుపుకి కాఫీ హోటల్లో గ్లాసులు బల్ల మారతాయి. కాలవలో బారు తీరిన బాతుల్లో ముందున్నవి వెనకా, వెనకున్నవి ముందూ అయిపోతాయి. మంగలి వీరభద్రం కత్తి గడ్డానికి ఆనించేముందు వీధిలోకి తల పెట్టి, "నూకరాజుగారు బయల్దేరలేదు కదా?" అని కేకేసి అడుగుతాడు. లేదని ఎవరైనా చెప్పాకే గీస్తాడు. అందుకని మండపేటలో సగం గడ్డాలు ఎప్పుడూ సగంలోనే ఉంటాయి.

నూకరాజుది షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. ఏ పెళ్ళికైనా గుడ్డ ఆయనదే, గోల ఆయనదే. "కుర్చీలు నావి, కూర్చునేది మీరు, కూర్చిన మాటలు మాత్రం ఉచితం" అని మైకు లేకుండానే మూడు వీధులకి వినిపిస్తాడు. గడ్డాల గురించీ, బాతుల గురించీ ఆయనకి చింత లేదు. ఆయన చింతంతా తాయారు గురించే.

తాయారు ఆయన భార్య. వెనక సీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చుంటుంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని. మొదటి కుదుపుకి ఊరు ఆమెని తనతోపాటు ఒక జానెడు వెనక్కి తీసుకుపోయింది. ఆమె పడలేదు. సీటు లేని చోట, గాల్లో, అలాగే కూర్చుంది, ఒక పక్కకి తిరిగే. తర్వాత కుదుపుకి మూరెడయింది. ఆ తర్వాత బారెడు. ఇప్పుడు కాలవగట్టు చివర వంకాయంత కనిపిస్తోంది. కట్టుకున్నది వంకాయరంగు చీర కాబట్టి పోలిక మరీ అన్యాయంగా లేదు.

బండి దిగి ఎదురు నడిస్తే లాభం లేదు. ఆయన నడిచినంత మేరా ఆ ఎడం కూడా పక్కనే నడిచి, ఆయన ఆగినచోట ఆగి, మళ్ళీ అంతే ఉంటుంది. మాటలు కూడా ఆలస్యంగా వస్తాయి. పొద్దున్న "కాఫీ తాగారా?" అని ఆమె అడిగింది మధ్యాహ్నం పప్పన్నంలో వచ్చి పడుతుంది.

ఇంకొక్క కుదుపు వస్తే తాయారు కనుచూపు దాటిపోతుంది. అందుకని ఇవాళ నూకరాజు బండి స్టార్ట్ చెయ్యడం లేదు. మెకానిక్కు దానియేలు పాక దాకా చేత్తో నూకుతున్నాడు.

"నూకరాజు నూకుతున్నాడహో! ఇన్నాళ్ళకి పేరు సార్థకం!" అని తనే అని, తనే నవ్వి, అలవాటు కొద్దీ వెనక్కి చూస్తాడు. వంకాయ కదలదు.

"చూశారా?" అంటాడు దారిన పోయేవాళ్ళతో. "ముప్పయ్యేళ్ళుగా నా జోకుకి నవ్విందే లేదు. నవ్వు మాట దేవుడెరుగు, ఊ కూడా కొట్టదు."

దానియేలు పాక కాలవ వంతెన పక్కన ఉంది. ఆయన టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"జర్కు దానియేలూ, జర్కు!"

"చురుకాండీ? ఈ వయసులో చురుకుంటే మంచిదే కదండీ, ఆయ్."

"చురుకు కాదయ్యా, కుదుపు! చురుకే ఉంటే నీకెందుకు చూపిస్తాను, ఊరంతా ఊరేగిస్తాను."

దానియేలు గ్లాసు కింద పెట్టి, కాలవగట్టు చివరికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తాడు. "అమ్మగారు బాగా వెనకబడ్డారండి."

"వెనకబడలేదు. వెనక కూర్చుంది."

"అదీ నిజమేనండి" అని దానియేలు పనిలో పడతాడు. ముందు చెయిన్‌ని వేలితో ఎత్తి చూస్తాడు. చెయిన్ లూజు లేదు. తర్వాత కార్బొరేటర్ గిన్నె విప్పుతాడు. అందులో పెట్రోలు ఉండాల్సిన చోట తెల్లవారుజాము ఉంది. చాలా చిన్నది. ఒక తాటిచెట్టు, దాని మీదనుంచి లేస్తున్న కొంగ. కొంగ రెక్కల గాలి నూకరాజు మీసాలకి తగులుతుంది.

"ఇది శుభ్రంగా ఉందండి, మొన్ననే కడిగాను" అని దానియేలు మూత బిగించేస్తాడు. తర్వాత పిడి పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తాడు. అది బావిలో చేద తాడులా వదులుగా తిరుగుతుంది. "ఇదిగోండి. కేబుల్లో ప్లే ఎక్కువైపోయింది. మీరు తిప్పేశారు, ఇంజనుకి ఇంకా తెలీలేదు. ఈ రెండిటికీ మధ్యన ఉన్నదేంటండీ?"

"ఏముంటుంది? ఖాళీ."

"ఉత్త ఖాళీ ఎక్కడా ఉండదండి. ఏదో ఒకటి పడే ఉంటాది."

దానియేలు పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన కేబుల్‌కి ఆనించి, దాని పిడి నూకరాజు చెవికి పెడతాడు. ఇంజను రోగం దానియేలు ఎప్పుడూ అలాగే వింటాడు. "నోరు మూసుకుని వినాలండి. ఇందులో కష్టం అదొక్కటే."

నూకరాజు వింటాడు. లోపల తన గొంతే ఉంది. "కూర్చున్నావా?" అంటోంది. వెంటనే రేజ్ ఇచ్చిన రొద. మళ్ళీ "కూర్చున్నావా?" మళ్ళీ రొద. ప్రశ్నకీ రొదకీ మధ్య ఎప్పుడూ ఏదో పడుతోంది, ఇత్తడి చెంబులో చింతగింజ పడ్డంత చప్పుడుతో.

"లాగి చూద్దాం పట్టండి" అంటాడు దానియేలు. కేబుల్ కొస విప్పి, గొట్టంలోంచి లోపలి తీగ లాగుతాడు. బారెడు వస్తుంది. అక్కడితో అయిపోవాలి. అవదు. తీగ వస్తూనే ఉంది. పాక నిండుతుంది. గుమ్మం దాటి, వంతెన కమ్మీల మీంచి, కరెంటు స్తంభాల భుజాల మీంచి, కాలవ వెంట కొబ్బరితోటల్లోకి పోతుంది. తీగ పొడుగునా, వాన వెలిశాక చూరుకి వేలాడే చుక్కల్లాగ, చుక్కలు. ఒక్కొక్కదానిలో ఒక ఎండ ఉంది. పెళ్ళైన కొత్తలో కుప్పనూర్పుల నాటి ఎండ, పుష్కరాల నాటి ఎండ, నిన్నటి ఎండ. కాలవ మీద అన్ని ఎండలూ ఒకేసారి కాస్తుంటే, నీళ్ళు ఏ రంగులో ఉండాలో తెలియక, ఉండడం మానేసి మెరుస్తున్నాయి.

ఊరంతా చేరుతుంది. వీరభద్రం సగం గడ్డంవాణ్ణి కుర్చీతో సహా ఎత్తుకొచ్చేశాడు. మాట్లాడితే చుక్కలు రాలతాయేమోనని చంటిపిల్లలు కూడా ఏడుపు చంకలోనే పెట్టుకున్నారు.

నూకరాజు వేలితో ఒక చుక్కని తాకుతాడు.

"ఊ" అంటుంది అది. తాయారు గొంతు.

ఇంకోటి తాకుతాడు. "ఊ." ఇది పీలగా ఉంది. చంటాడితో ఆసుపత్రికి వెళ్ళిన నాటిది. పక్కనున్నది కాస్త బరువుగా ఉంది. తాకితే అందులోంచి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న నవ్వు, దాని వెనక కుంకుడుకాయ వాసన. పెళ్ళిపందిట్లో ఆయన మొట్టమొదటిసారి 'కుర్చీలు నావి' అన్నప్పటిది. ఆ పక్కది కూడా నవ్వే. ఆ పక్కదీ. కొబ్బరితోటల దాకా ఊ తర్వాత నవ్వు, నవ్వు తర్వాత ఊ. ఆయన ఒక్కటీ వినలేదు. ఒక జోకు తోక ఇంకా కిందకి దిగకముందే రెండోదాని తల పైకెత్తేవాడు.

"సంగతేంటంటేనండీ" అని దానియేలు అందరికీ వినపడేలా చెబుతాడు. "కూర్చున్నావా అని ఈయన అడుగుతారు. అమ్మగారు ఊ అంటారు. ఆ ఊ వచ్చేలోపే ఈయన రేజ్ ఇచ్చేస్తారు. ఇంక అదెక్కడికి పోతాదండీ? మధ్యలో పడిపోద్ది. పడగా పడగా కేబులు సాగిపోయింది."

"అయితే ఇన్నాళ్ళూ మా గడ్డాలు తెగింది ఊ వల్లా?" అంటాడు వీరభద్రం.

"ఊ వల్ల కాదండి. ఊరుకోకపోవడం వల్ల."

ఆ మాట నూకరాజు అనాల్సింది. ఆయన తీగ వంక చూస్తున్నాడు, గుళ్ళో దీపాలన్నీ ఒకేసారి వెలిగించినప్పుడు చూసినట్టు.

"బిగించెయ్యి దానియేలూ" అంటాడు చివరికి. ఆ గొంతు ఎంత చిన్నగా ఉందంటే, ఎవరిదోనని జనం చుట్టూ చూస్తారు. "పూర్తిగా బిగించెయ్యి. మధ్యలో ఖాళీ అన్నదే వద్దు."

"అలా చెయ్యకూడదండి. అసలు ప్లే లేకపోతే హ్యాండిల్ ఏ పక్కకి తిప్పినా బండి దానంతటదే అరుస్తాది. మీలాగ. కొంచెం ఉండాలండి."

"ఎంత?"

"నూకంత."

"నా పేరా?"

"మీ పేరు కాదండి. బియ్యపు నూక. అందులో ఒక్క ఊ పడుతుందండి. అంతకి తక్కువైతే అదీ పట్టదు."

దానియేలు నట్టు తిప్పుతాడు. తీగ కొబ్బరితోటల్లోంచి, స్తంభాల మీంచి, వంతెన మీంచి గొట్టంలోకి తిరిగి పోతుంది. పోతూ పోతూ ప్రతి చుక్కా ఒక్కసారి పలుకుతుంది. ఒకామె ముప్పయ్యేళ్ళ పాటు ఔనన్నదంతా ఊరి మీదుగా నడిచిపోతుంటే, ఊరు తలపాగాలు తీసి నిలబడుతుంది.

నూకరాజు బండెక్కుతాడు. కిక్కు కొడతాడు. ముందుకే చూస్తూ అడుగుతాడు.

"కూర్చున్నావా?"

ఆగుతాడు.

ఆగడం ఆయనకి కొత్త. నుదుటి మీద చెమట పడుతుంది. నాలుక చివర మంచి జోకు ఒకటి వచ్చి నిలబడితే, దాన్ని మింగుతాడు. కాలవగట్టు చివరినుంచి ఊ బయల్దేరుతుంది. బాతులు దారి ఇస్తాయి. అది నడిచిన మేరా నీళ్ళు ఇస్త్రీ చేసినట్టు చదునవుతాయి. వంతెన ఎక్కుతుంది, జనం మధ్యనుంచి వస్తుంది, వచ్చి ఆ నూకంత చోటులో, చెవిదుద్దు సీల పట్టినట్టు, పడుతుంది.

నూకరాజు పిడి తిప్పుతాడు.

ఈసారి ఊరు ఆయన వైపుకి కదులుతుంది, గిన్నెలో వెన్న కదిలినట్టు. వీరభద్రం చప్పున ఆ సగం గడ్డం గీసేస్తాడు. నెత్తురు చుక్క లేదు. కాలవగట్టు చివర వంకాయ ఆనపకాయవుతుంది, మనిషవుతుంది. బారెడు. మూరెడు. జానెడు. వెనక సీటు కొద్దిగా కిందకి దిగుతుంది. భుజం మీద చెయ్యి పడుతుంది.

"నూకుడు జోకు బాగుందండీ" అంటుంది తాయారు. మాట అన్నప్పుడే వినిపిస్తుంది.

దానికి జవాబు ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. అనడు. ఆమె నవ్వు అయిపోయేదాకా, అయిపోయాక దాని వెనక మిగిలే ఆ చిన్న ఊపిరి కూడా అయిపోయేదాకా ఆగుతాడు.

"మేమూ వస్తామండి" అంటాడు వీరభద్రం.

"ఎక్కండి" అంటాడు నూకరాజు. సీటు పొడుగవుతుంది. వీరభద్రం ఎక్కుతాడు, నున్నటి గడ్డంవాడు ఎక్కుతాడు, దానియేలు టీ గ్లాసుతో ఎక్కుతాడు. అందరూ ఒక పక్కకే తిరిగి కూర్చుంటారు, ముందువాళ్ళ భుజం మీద చెయ్యేసి. ఒక్కొక్కర్నీ ఆయన అడుగుతాడు. ఒక్కొక్కరి ఊ వచ్చేదాకా ఆగుతాడు. బాతులు ఊ అంటాయి. కొబ్బరిచెట్లు తలలు సర్దుకుని ఊ అంటాయి. వంతెనకి మోకాళ్ళు సరిగ్గా వంగవు. దానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. అయినా ఎవరూ తొందరపెట్టరు.

అప్పుడు తోటల అవతలినుంచి ఉప్పుగాలి వీస్తుంది. ఆఖరున సముద్రం వస్తుంది, నడిచొచ్చిన ఆయాసంతో. నీలం కుచ్చిళ్ళు రెండు చేతులా కొద్దిగా పైకెత్తి, తడికాలు ఫుట్‌రెస్ట్ మీద మోపుతుంది. చేపలు జారకుండా కొంగు బిగించి, ఆ బరువంతా మెల్లిగా సీటు మీదికి దించుకుంటుంది.

నూకరాజు రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి బండిని నిలబెట్టి పట్టుకున్నాడు. చేతిలో పిడి ఉంది.

"కూర్చున్నావా?" అని అడిగాడు.

ఆగి ఉన్నాడు.