మూడుసార్లు బాగుపడ్డ కొడుకు

ఆ చర్చి సంఘంలో, దేవుడు చేసిన మేలు గురించి మైకులో సాక్ష్యం చెప్పాలంటే ముందు గెలిచి ఉండాలి. ఉద్యోగం వచ్చినవాడు చెబుతాడు, రోగం తగ్గినవాడు చెబుతాడు, బండి కొన్నవాడైతే దాని రంగుతో సహా చెబుతాడు. ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టడానికి పనికొస్తారు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం నడుపుకుంటున్న ఆ తల్లి అలా ఏళ్ళ తరబడి చప్పట్లు కొట్టింది.

ఆమె కొడుకు గోడలకు రంగులు వేస్తాడు. తాగుతాడు కూడా. మానేసిన ప్రతిసారీ, చేతుల వణుకైనా తగ్గకముందే, పాస్టరుగారు వాణ్ణి మైకు ముందు నిలబెట్టేవారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు సంఘం సంబరపడేది. సంఘపెద్ద వాణ్ణి కౌగిలించుకుని ఫోటో దిగి చర్చి గోడకు తగిలించేవాడు. మూడుసార్లు మానేశాడు, మూడుసార్లు సాక్ష్యం చెప్పాడు, మూడుసార్లూ పడిపోయాడు. పడగానే చప్పట్లు కొట్టిన చేతులే వేలెత్తి చూపించేవి. ఆ వారమే ఫోటో మాయమయ్యేది. వాడు సిగ్గుతో నెలల తరబడి చర్చి ఛాయలకే వచ్చేవాడు కాదు, ఇంటికి కూడా సరిగ్గా వచ్చేవాడు కాదు.

అయినా ఆమె ప్రతి శనివారం వాడి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మేకుకు తగిలించేది. అది చూస్తే ఆడపడుచుకి ఒళ్ళు మంట.

"కుక్క తోక వంకర, వదినా. ఎన్నాళ్ళు కర్ర కట్టి చూస్తావు? కరెంటు దండగ."

"నా కరెంటు, నా కొడుకు. మధ్యలో నీకేం పోయింది?"

దేవుడి మీద ఆమెకు కోపం లేదా అంటే బోలెడుంది. ఇస్త్రీపెట్టె ఎంత గట్టిగా చప్పుడు చేస్తే ఆ పూట ప్రార్థన అంత వేడిగా జరిగినట్టు లెక్క. కానీ అలిగి ఆ పరలోకపు తండ్రి ఇంటికి రాకపోకలు మానుకునే రకం కాదు.

ఒక శనివారం కొడుకు వచ్చాడు. గుమ్మంలో నిలబడి మేకుకున్న చొక్కా వైపు చూశాడు.

"అమ్మా, రేపు వస్తాను. వెనక బల్ల మీద కూర్చుంటాను. మైకు దగ్గరికి మాత్రం పిలవనివ్వకు. ఆ చప్పట్లు నేను మోయలేను. పిలిచారంటే అటునుంచి అటే తాగడానికి పోతాను, తర్వాత చెప్పలేదనొద్దు."

ఆమె ఇస్త్రీపెట్టె ఆపేసి అప్పటికప్పుడు పాస్టరుగారింటికి వెళ్ళింది.

"అయ్యగారూ, రేపు మావాడు వస్తున్నాడు. మీరు చూసీ చూడనట్టు ఉండండి, చాలు."

"అలాగేనమ్మా, దానికేముంది," అన్నారాయన.

ఆ మాట కాస్తా నీటి మీద రాతే అయింది. దారి తప్పి తిరిగొచ్చిన మనిషి ఎదురుగా కనబడుతుంటే, చేతిలో మైకున్న పాస్టరు నోరు మూసుకోవడం కన్నా ఎర్రసముద్రం చీలడం తేలిక. మొదటి పాట అయ్యీ అవకముందే ఆయన కళ్ళు వెనక బల్ల మీద వాలాయి.

"మన తమ్ముడు మళ్ళీ వచ్చాడు! ప్రభువు చేసిన కార్యం చెప్పడానికి చప్పట్లతో ముందుకు పిలుద్దాం!"

చప్పట్లు మోగాయి. కొడుకు లేచాడు. లేచి మైకు వైపు కాదు, తలుపు వైపు నడిచాడు.

తల్లీ లేచింది. ఆడపడుచు చెయ్యి పట్టి లాగితే విదిలించుకుని, తిన్నగా వెళ్ళి పాస్టరుగారి చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఆగరా," అంది ముందు. వాడు తలుపు దగ్గర ఆగాడు.

"మావాడు మొన్న తాగాడు. నిన్న తాగలేదు. ఇవాళ సంగతి ఇంకా తెలీదు. సాక్ష్యం అంతే. వాడు బాగుపడిపోయాడని నేను చెప్పను, మీరూ చెప్పొద్దు. ఫోటోలు కూడా వద్దు, మీ గోడకు మేకులు దండగ."

ముందు వరసలో సంఘపెద్ద ఉండబట్టలేకపోయాడు. "అదేం మాటమ్మా? కన్నతల్లివి, నీకే నమ్మకం లేకపోతే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నమ్మకం గురించి నాకు చెబుతున్నారా? మీ ఒంటి మీది చొక్కా నేను ఉతికిందే. వారం తిరక్కుండా మాసి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. వస్తుందని తెలిసే ఉతుకుతాను. మళ్ళీ తెచ్చారా అని ఏనాడైనా మీ మొహాన కొట్టానా? మామూలు మనిషిని, నాకే ఇంత ఓపికుంటే, నా దేవుడు నాకన్నా చేతకానివాడా?"

సంఘపెద్ద చెయ్యి దానంతటదే కాలరు మీదికి పోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఒక్కరికీ పాలుపోలేదు.

"ఇక పాట ఎత్తండి," అని మైకు పాస్టరుగారికి ఇచ్చేసి, ఆమె వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది, పక్కన మనిషికి చోటు వదిలి. తలుపు వైపు చూడలేదు. అక్కడ వాడు లేకపోతే తట్టుకోలేనని భయం.

పాట రెండో చరణంలో ఉండగా బల్ల కిర్రుమంది. పక్కనుంచి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వాసన వచ్చింది. ఆమె ముక్కు ఎగబీల్చి పాటందుకుంది, శ్రుతి తప్పి, అందరికన్నా గట్టిగా.