ఆర్చి కింద ఆగిన ఫైరింజన్

దేవనహళ్ళి అవతల, కొండను ఆనుకొని ఉండే ఆ పల్లెలో సరోజమ్మ నోరంటే అందరికీ హడలే. అయినా ఆ ఎండాకాలం ఆ నోటికి ఒక్కడూ లొంగలేదు. "కొండకీ ఊరికీ నడుమ బోదగడ్డి ఎండిపోయి ఉండాది. పదడుగుల వెడల్పున గీకించండప్పా, నిప్పు ఇట్ల దాటదు" అని శివరాత్రి నుంచీ మొత్తుకుంటానే ఉంది. పంచాయతీ మెంబరు మునీంద్ర ఏం చేశాడు? బ్యానరు కట్టించి, ఊరోళ్ళకు మంటలార్పేదాని మీద ఒక పూట ట్రైనింగు ఇప్పించి, ఫోటోలు తీసుకొని పోయాడు. చెవిటోని ముందర శంఖం ఊదినట్టే!

ఆమెది ఊరికే కడుపుమంట కాదు. కొండ పక్కనే ఆమె పశువుల కొట్టం, దాన్ని ఆనుకొని రాగిగడ్డి వామి. మూడు ఆవులకూ వానలు పడేదాకా అదే మేత. ఆ పాలే ఆమెకు కూడు.

అంతలో జాత్ర వచ్చింది. ఊళ్ళోకి ఉండేది ఒకటే దోవ. దానిమీద వెదుర్లతో ఆర్చి లేపి, పోయినేడు చనిపోయిన ఆమె మొగుడు మునిస్వామి ఫోటో నడిమధ్యన కట్టారు. ఇన్నేళ్ళూ జాత్ర పెద్ద ఆయనే మరి. సరోజమ్మ దగ్గరుండి కట్టించింది. "అంత పైకా? ఆయన మొగం ఎవరికి కనపడాల? ఇంకా కిందికి దించు రాజూ" అనింది. ఆర్చి కడతా ఉన్న రాజు పై వెదుర్లతో సహా ఫోటోను దించాడు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం కొండ అంటుకుంది. ఏ పాపిష్టోడు బీడీ పారేశాడో! పొగ చూసి సరోజమ్మే ఫోన్ చేసింది. అరగంటకు ఫైరింజన్ వచ్చింది, వచ్చి ఆర్చి ముందర నిలబడిపోయింది. బండి ఎత్తుకు వెదుర్లు అడ్డం.

"ఏమప్పా చూస్తా ఉండారు, కోసేయండి!" అని అరిచింది సరోజమ్మ.

ఎవరూ కదల్లేదు. జాత్ర ముగిసేదాకా ఆర్చి విప్పకూడదు, అందులోనూ పోయిన పెద్దాయన ఫోటో. "మా చేత కాదక్కా" అన్నాడు మునీంద్ర తల దించుకొని.

సరోజమ్మకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, తన మీదే. రెండు నెలలు ఊరంతటినీ తిట్టి, ఆఖరికి దోవకు అడ్డం తనే కట్టించింది. కొడవలి తెచ్చి రెండు పక్కలా తాళ్ళు కోసేసింది. ఆర్చి కూలింది. ఫోటో వెదుర్ల నడుమ ఇరుక్కొని, మునిస్వామి మొగం ఆకాశాన్ని చూస్తా పడింది.

డ్రైవరు బ్రేకు మీద కాలు తీయలేదు. "ఫోటో తీయండమ్మా..."

"వామి కాలిపోతా ఉండాది. ఎక్కించప్పా!"

కొట్టం దక్కింది, ఆవులు దక్కాయి. వామి దక్కలేదు.

పొద్దు వాలినాక మునీంద్ర ఫోటో తెచ్చి ఇచ్చాడు. "కొత్తది కొట్టిస్తాలే అక్కా."

"ఫోటో ఎవరడిగినారురా నిన్ను? రేపు పొద్దున్నే ఆ గడ్డి గీకించు" అనింది సరోజమ్మ, మొగుడి మొగం మీది చక్రం జాడను కొంగుతో తుడుస్తా.