అధ్యక్షుడి చెప్పులు

కుమాసీ దగ్గరి ఆ ఊళ్ళో సినిమా తీయడానికి వచ్చినవాళ్ళు, కథలోని దేశాధ్యక్షుడి వేషం వేయమని ఏకంగా ఊరి రాజునే అడిగారు. వాళ్ళు అడిగితే మాత్రం ఈయన ఒప్పుకోవాలా? రాజు నానా అబాబియోకి సినిమా పిచ్చి. పెద్దలు వద్దు మొర్రో అన్నా ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. సినిమా కథేమో కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం, అందులో తిరుగుబాటు, జీపులు, పేలుళ్ళు. ఆయన కుర్చీలో కూర్చోవాలి, ఆపైన తిరుగుబాటుదారులు మెట్ల మీంచి లాక్కుపోతే పోవాలి.

ఆ లాక్కుపోయేవాడు యావ్ డ్వొమో. నానాకి సాక్షాత్తూ పిన్ని కొడుకు. తల్లివైపు నుంచి వచ్చే ఆ గద్దె కోసం పోటీపడి ఓడినప్పటి నుంచీ అన్నతో మాటల్లేవు. ఇప్పుడు వెతకబోయిన తీగ కాలికి తగిలింది. వాళ్ళ ఆచారం ప్రకారం రాజు ఉత్తకాలు నలుగురి ముందు నేలకు ఆనిందంటే గద్దె దిగిపోయినట్టే. ఇక ఆ తర్వాత ఎవరూ చేయగలిగింది లేదు.

"ఈడ్చేటప్పుడు చెప్పు జారితే నా తప్పు కాదు కదే," అన్నాడు డ్వొమో షూటింగ్ రోజు పొద్దున భార్య అద్వోవాతో.

"జారితే కాదు. జార్చితే నీదే."

"నువ్వు నోరు మూసుకో."

"నేను మూసుకుంటాలే. ఊరు మూసుకుంటుందా?"

షూటింగ్ మొదలైంది. పొగ, తుపాకుల మోత, వేషాలు కట్టిన ఊరి జనం కేకలు. డ్వొమో నానా చెయ్యి పట్టి మెట్ల మీదికి లాగాడు. అతను ఏమీ చేయకుండానే నానా చెప్పు పట్టీ తెగి, చెప్పు కిందికి దొర్లిపోయింది. జనం కేకలు ఠక్కున ఆగిపోయాయి. నానా ఒంటికాలి మీద ఊగిపోతూ తమ్ముడి వైపు చూశాడు. ఆ మొహంలో రాజు లేడు. చిన్నప్పుడు పాము కనబడితే తన వెనక దాక్కున్న పెద్దమ్మ కొడుకున్నాడు.

డ్వొమో చెక్క తుపాకీ పారేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు అరచేతులూ మెట్టు మీద పరిచాడు.

"ఇక్కడ మోపు అన్నా."

నానా మోపాడు, ఒంటి బరువంతా వేసి.

"తిరుగుబాటు చేసేవాడు కాళ్ళు పట్టుకోవడమేమిటయ్యా!" అని దర్శకుడు నెత్తి బాదుకున్నాడు.

"వదిలేసుంటే గద్దె నీదయ్యేది కదరా," అన్నాడు నానా మెల్లగా.

"తెలుసులే. ముందు ఆ చెప్పు తెప్పించు. ఏం తింటున్నావో గాని, నా వేళ్ళు విరిగిపోతున్నాయి."

జనం పగలబడి నవ్వారు. డ్వొమోకి ఏడుపొచ్చింది, హాయిగానూ ఉంది. ఎవరో చెప్పు తెచ్చి పక్కన పెట్టారు. నానా వెంటనే కాలు తీయలేదు. డ్వొమో తియ్యమనీ అనలేదు.